విల్లుతో వేటకు వెళ్లేవారు ఎలుగుబంటి భయానికి చేతి తుపాకి వెంట ఉంచుకోవాలా?

ఉదయగిరి అన్న:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి దగ్గర ఒక పల్లె. మా తమ్ముడు ఏడేళ్లుగా అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. రెండేళ్ల కిందట మోంటానా రాష్ట్రంలోని బోజ్‌మన్‌కు మారిన తరువాత, తోటి ఉద్యోగుల దగ్గర విల్లు పట్టడం నేర్చుకున్నాడు. వచ్చే సెప్టెంబరులో వాళ్లతో కలిసి మొదటిసారి ఎల్క్ వేటకు వెళ్తానంటున్నాడు. ఎల్క్ అంటే మన కణితి కంటే కూడా పెద్దదైన దుప్పి జాతి జంతువు. లైసెన్సు తీసుకుని, కాలం ప్రకారం వేటాడడం అక్కడ చట్టబద్ధమేనని, వచ్చిన మాంసాన్ని ఏడాది పొడవునా ఇంట్లో వాడుకుంటారని చెప్పాడు. వేట మంచిదా చెడ్డదా అన్న చర్చ కోసం నేను ఇది రాయడం లేదు కనుక, దయచేసి అటు వెళ్లవద్దని మనవి.

నా భయం వేరు. ఆ కొండల్లో గ్రిజ్లీ ఎలుగుబంట్లు ఉన్నాయి. ఎలుగు భయానికి పది మిల్లీమీటర్ల తూటా పేల్చే పిస్టల్ ఒకటి కొని నడుముకు కట్టుకుంటానని తమ్ముడు అంటున్నాడు. అతనితో వెళ్లే ఇద్దరిలో ఒకాయన తుపాకి లేకుండా అడవిలో అడుగు పెట్టవద్దంటారట. రెండో ఆయన మిరప ఘాటు స్ప్రే డబ్బా ఒక్కటీ చాలు, తుపాకి బరువు తప్ప ప్రయోజనం లేదంటారట. తమ్ముడు ఇద్దరి మాటా విని నన్ను అడిగాడు. నాకు తుపాకి సంగతి తెలియదు, గ్రిజ్లీ సంగతీ తెలియదు. తెలిసిందల్లా మా కొండల్లోని ఎలుగుగొడ్డు ఒక్కటే.

మా పెదనాన్న కట్టెల కోసం కొండకు వెళ్లి ఎలుగు చేతిలో పడ్డారు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. నలుగురు మనుషులు మంచం మీద మోసుకొచ్చారు. తల మీద చర్మం నుదుటి మీదికి జారి ఉంది, ఎడమ కన్ను పోయింది. ఆ రోజు ఆయన భుజం మీద గొడ్డలి ఉంది. దాన్ని భుజం మీద నుంచి దించే వ్యవధి కూడా దొరకలేదని ఆయన బతికున్నంత కాలం చెప్పేవారు. తమ్ముడు పిస్టల్ అన్నప్పటి నుంచి నాకు ఆ గొడ్డలే కళ్లముందు మెదులుతోంది.

ఆ క్షణంలో చేతి తుపాకి నిజంగా అక్కరకు వస్తుందా? మా తమ్ముడు ఇంకా హెచ్-1బి వీసా మీదే ఉన్నాడు, అతను తుపాకి కొనవచ్చా? అనుభవం ఉన్నవారు వివరంగా రాస్తే మేలు చేసినవారవుతారు.

కందుకూరు, ప్రస్తుతం మోంటానా:

నమస్కారం అన్నగారూ. మాది కందుకూరు. పదకొండేళ్లుగా మోంటానాలో ఉంటున్నాను, ఎనిమిది సీజన్లుగా విల్లుతో ఎల్క్ వేటకు వెళ్తున్నాను. మీ పెదనాన్నగారు గొడ్డలి గురించి చెప్పిన మాటలోనే మీ తమ్ముడికి కావలసిన సమాధానం సగం ఉంది. ఏ ఆయుధం గొప్పదన్నది తరువాతి సంగతి, రెండు సెకన్లలో చేతికి వచ్చేది ఏది అన్నది మొదటి సంగతి. గ్రిజ్లీ గంటకు 56 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు. ముప్ఫై మీటర్ల దూరంలో పొదలోంచి లేచిందంటే, రెండు సెకన్లలో మనిషి మీద ఉంటుంది.

పైగా విల్లు పట్టినవాడికి ఈ ప్రమాదం అడవిలో మామూలుగా నడిచేవాడి కంటే చాలా ఎక్కువ. అడవిలో నడిచేవాళ్లకు చెప్పే జాగ్రత్తలన్నింటికీ విలుకాడు సరిగ్గా వ్యతిరేకంగా నడుస్తాడు. మాట్లాడుతూ నడవమంటారు, అతను ఆకు కూడా కదలకుండా నడుస్తాడు. చీకటి వేళల్లో తిరగవద్దంటారు, అతనికి పని ఉండేదే తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ. తన వాసన ఎల్క్‌కు అందకుండా గాలికి ఎదురుగా నడుస్తాడు, దాంతో ముందున్న ఎలుగుకూ అతని వాసన అందదు. సెప్టెంబరు ఎల్క్ జత కట్టే కాలం కాబట్టి ఆడ ఎల్క్ అరుపును నోటితో అనుకరించి పోతును పిలుస్తాడు, ఆ అరుపు విని ఆకలిగొన్న ఎలుగు కూడా రావచ్చు. శీతాకాలపు నిద్రకు ముందు ఒళ్లు పెంచుకోవడానికి ఎలుగులు రోజుకు 20,000 కేలరీల వరకు తినే కాలమూ సరిగ్గా ఇదే. అందువల్ల మీ తమ్ముడు ఎలుగును చూసే సమయానికి అది చాలా దగ్గరలో ఉంటుందని, అదీ అతన్ని చూసి ఉలిక్కిపడిన స్థితిలో ఉంటుందని అనుకుని సిద్ధపడాలి.

ఇక చేతుల సంగతి. కుడిచేతి వాటం విలుకాడికి ఎడమ చేతిలో విల్లు ఉంటుంది. కుడి మణికట్టుకు రిలీజ్ అనే సాధనం పట్టీతో కట్టి ఉంటుంది, దానితోనే నారి లాగి వదులుతాడు. వీపున సంచి, ఆ సంచి బరువు మోయడానికి నడుము చుట్టూ వెడల్పాటి బెల్టు, ఛాతీ మీద బైనాక్యులర్ గూడు ఉంటాయి. నడుముకు కట్టిన పిస్టల్ ఒర ఆ సంచి బెల్టు కింద నలిగిపోతుంది. మొదటి ఏడాది నేనూ అలాగే కట్టుకున్నాను. ఒక సాయంత్రం గుడారం దగ్గర సరదాకు తీసి చూద్దామనుకుంటే, పిడి మీద బెల్టు పడి, రిలీజ్ కొక్కెం చొక్కా అంచుకు తగులుకుని, ఆరు సెకన్లకు గానీ చేతికి రాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి స్ప్రే డబ్బాను సంచి భుజం పట్టీకి ముందువైపు, ఎడమ చేతికి కూడా అందేటట్లు కట్టుకుంటున్నాను.

స్ప్రే అంటే చాలామందికి చులకన భావం ఉంది. మన ఇళ్లలో ఎండుమిరపకాయలు వేయిస్తేనే వీధి చివర దాకా దగ్గు వస్తుంది, ఆ ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్, దాని జాతి పదార్థాలు ఈ డబ్బాలో ఒకటి నుంచి రెండు శాతం ఉంటాయి. అది మందపాటి మేఘంలా కనీసం పాతిక అడుగులు పోవాలి, కనీసం ఆరు సెకన్లు రావాలి, డబ్బాలో కనీసం 225 గ్రాములు ఉండాలి. దొంగల కోసం ఆడవాళ్లు చేతిసంచిలో పెట్టుకునే చిన్న డబ్బా ఇందుకు పనికిరాదు. అలాస్కాలో 1985 నుంచి 2006 వరకు జరిగిన 83 ఘటనలను టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో తదితరులు పరిశీలించి 2008లో ప్రచురించారు. గోధుమరంగు ఎలుగుల మీద, అంటే గ్రిజ్లీ జాతి మీద, స్ప్రే 92 శాతం సందర్భాల్లో పనిచేసింది. డబ్బా వెంట ఉన్నవారిలో 98 శాతం మందికి దెబ్బ తగలలేదు. అదే పరిశోధకులు 2012లో తుపాకుల గురించి 269 ఘటనలు పరిశీలిస్తే, చేతి తుపాకి 84 శాతం, పొడవు తుపాకి 76 శాతం సందర్భాల్లో ఎలుగును ఆపాయి. అయితే ఆ పత్రంలో నాకు ముఖ్యమనిపించిన మాట మరొకటి ఉంది: దగ్గరి దాడుల్లో తుపాకి ఉన్నవారు దాన్ని కాల్చినా కాల్చకపోయినా గాయపడిన నిష్పత్తిలో తేడా కనిపించలేదు.

నా సలహా సూటిగా చెప్తాను. మొదటి ఏడాది మీ తమ్ముడు పిస్టల్ కొనవద్దు. ఆ డబ్బులో కొంతతో రెండు స్ప్రే డబ్బాలు, మందు లేని సాధన డబ్బా ఒకటి కొనుక్కోమనండి.

ఒంగోలు, ప్రస్తుతం వయోమింగ్:

కందుకూరు సోదరుడు చెప్పిన దానిలో చాలాభాగం ఒప్పుకుంటాను, చివరి సలహా మాత్రం ఒప్పుకోలేను. నేను స్ప్రే, పిస్టల్ రెండూ మోస్తాను. కారణాలు చెప్తాను, మీరే ఆలోచించండి.

ఆయనే రాశారు, విలుకాడు గాలికి ఎదురుగా నడుస్తాడని. మరి ఎలుగు ఎదురు నుంచి వస్తే స్ప్రే మేఘం ఎటు పోతుంది? మన ముఖం మీదికే. ఆ 2008 పత్రంలోనే, స్ప్రే వాడినవారిలో ఏడుగురిలో ఒకరికి ఆ ఘాటు తమకే తగిలి ఇబ్బంది పడినట్టు ఉంది. గాలి అడ్డుపడ్డ సందర్భాల్లో కూడా స్ప్రే ఎలుగును చేరిందన్న మాట నిజమే, అయితే ఆ ఘటనలన్నీ విలుకాళ్లవి కావు. కొండ మీద నిలకడగా వీచే సాయంకాలపు గాలిలో, ఎదురుగాలికి డబ్బా నొక్కి చూసినవాడిని కాబట్టి చెప్తున్నాను, మేఘం పదిహేను అడుగులు కూడా దాటకుండా పక్కకు వంగింది.

రెండో విషయం, ఆ రెండు పత్రాల శాతాలను పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదు. స్ప్రే ఘటనల్లో చాలావాటిలో ఎలుగు దాడి చేయడం లేదు, గుడారాల దగ్గరికి కుతూహలంతో వచ్చింది. తుపాకి ఘటనల్లో ఎక్కువభాగం ప్రాణం మీదికి వచ్చినవి. తేలిక పరీక్షలో వచ్చిన మార్కులను కష్టమైన పరీక్షలో వచ్చిన మార్కులతో పోల్చినట్టు అవుతుంది.

అయినా తుపాకి పక్షాన మాట్లాడుతున్న నేనే మరొక మాట గట్టిగా చెప్పాలి. ఎల్క్ కాలానికి ముందు ఆరు నెలలు, నెలకు కనీసం రెండుసార్లు ఫైరింగ్ రేంజికి వెళ్లి, ఒరలోంచి తీసి రెండు సెకన్లలో ఏడు గజాల దూరంలో అరచేతి వెడల్పు గురికి కొట్టగలిగే దాకా నేను పిస్టల్‌ను అడవిలోకి తీసుకుపోలేదు. నా దగ్గరున్నది గ్లాక్ 20, పదిహేను తూటాలు పడతాయి, తూటాలతో కలిపి కిలోకు కొంచెం పైనే బరువు. .44 మ్యాగ్నమ్ రివాల్వరు ఒక్కొక్క తూటాకు ఇంతకన్నా బలమైనదే, అయితే ఆరే తూటాలు, పైగా దాని తాకిడికి కొత్తవారి మణికట్టు పైకి ఎగిరిపోయి రెండో గురి కుదరదు. ఏ తుపాకి అయినా, మనుషుల కోసం చేసిన విచ్చుకునే తూటాలు ఎలుగుకు పనికిరావు. దాని భుజం కండ, ఎముక దాటి లోపలికి పోవాలంటే గట్టి సీసపు మిశ్రమంతో పోతపోసిన మొండిముక్కు తూటాలు కావాలి. ఇంత సాధన చేసే ఓపిక, తీరిక మీ తమ్ముడికి లేకపోతే, నడుముకు ఉన్న పిస్టల్ అతనికి ధైర్యం ఇస్తుంది గానీ రక్షణ ఇవ్వదు. గాయపడిన గ్రిజ్లీ చావకముందు ఏం చేస్తుందో ఊహించుకోవడానికి కూడా నాకు ఇష్టం లేదు.

ఇంకొక సంగతి ఎవరూ ముందుగా ఆలోచించరు. ఎలుగు తన మీద కాకుండా పక్కనున్న స్నేహితుడి మీద పడితే? ఇద్దరూ దొర్లుతున్నప్పుడు పిస్టల్ పేల్చడం ఎవరి వల్లా కాదు. అక్కడ మాత్రం నేనూ స్ప్రేనే తీస్తాను. స్నేహితుడికీ ఎలుగుకూ కళ్లు మండుతాయి, అయితే వెళ్లిపోయేది ఎలుగే.

మార్కాపురం, విశ్రాంత అటవీ ఉద్యోగి:

నేను అటవీశాఖలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. నల్లమలలోను, వెలిగొండల్లోను తిరిగాను. అమెరికా అడవులు చూడలేదు, అందుచేత తుపాకి, స్ప్రే వాదనలోకి రాను. ఉదయగిరి మిత్రుడి మనసులో ఉన్న ఎలుగు, ఆయన తమ్ముడు చూడబోయే ఎలుగు ఒకటి కావని మాత్రం చెప్పాలనిపించింది.

మన ఎలుగుబంటి ముఖ్యంగా చెదలు, చీమలు, తేనె, ఈతపళ్లు, రేగుపళ్లు తిని బతుకుతుంది. పుట్టలో మూతి పెట్టి చెదలను పీల్చేటప్పుడు, ఆ ఊపిరి చప్పుడు మధ్యాహ్నం పూట నిశ్శబ్దంలో చాలా దూరం వినిపిస్తుంది. ఆ పనిలో మునిగి ఉన్నప్పుడు దానికి మనిషి అలికిడి తెలియదు. పెద్దపులి తిరిగే అడవుల్లో తరతరాలుగా బతికిన జంతువు కనుక, దగ్గరలో ఏది కదిలినా పారిపోవడం కంటే ముందుగా మీదపడడమే దానికి అలవాటైంది. దాని గోళ్లు పుట్టలు తవ్వడానికి ఏర్పడినవి. అది మనిషిని తినడానికి రాదు, తోసి పడేసి వెళ్లడానికి వస్తుంది, ఆ తోపులోనే ముఖం, తల పోతాయి. నేను ఆసుపత్రికి చేర్పించినవారిలో ఒక్కరు కూడా ఎలుగును వెంటాడినవారు కారు. మేకలు కాసేవారు, కట్టెలకు వెళ్లినవారు, తెల్లవారకముందే బయలుకు వెళ్లినవారు. అందుకే మా చెంచు కాపలాదారులు పొదలున్న చోట కర్రతో రాతిని కొడుతూ, పెద్దగా పిలుచుకుంటూ నడిచేవారు. వాళ్లలో చాలామందికి విల్లు వేయడం తెలుసు, అయినా ఎలుగు విషయంలో వాళ్లు నమ్ముకున్నది తమ గొంతునే.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం వేట నిషిద్ధం, ఎలుగుబంటి అత్యధిక రక్షణ ఉన్న జంతువుల జాబితా అయిన మొదటి షెడ్యూలులో ఉంది. ప్రాణరక్షణ కోసం సద్బుద్ధితో చంపితే అది నేరం కాదని అదే చట్టంలోని 11వ సెక్షను చెబుతుంది. అయితే అప్పటికే ఆ చట్టాన్ని ఉల్లంఘించే పనిలో ఉన్నవాడికి, ఉదాహరణకు దొంగవేటకు వెళ్లినవాడికి, ఆ మినహాయింపు దక్కదు. మన యువకులు ఎవరైనా ఈ చర్చ చదివి విల్లుతోనో నాటుతుపాకితోనో వెలిగొండల్లోకి బయలుదేరకుండా ఈ మాట రాస్తున్నాను.

గ్రిజ్లీ విషయంలో నేను చదివినంతలో, అది కూడా ఎక్కువసార్లు ఉలిక్కిపడో, పిల్లల కోసమో, తన తిండి కోసమో మీదికి వస్తుంది. అటువంటిది మీదపడి తాకితే బోర్లా పడుకుని, చేతులు మెడ వెనుక కట్టుకుని, కాళ్లు ఎడంగా పెట్టి, వీపు మీది సంచి తీయకుండా కదలక ఉండమంటారు. ముప్పు తొలగిందనుకుంటే అది వెళ్లిపోతుంది. అదే అడవిలో ఉండే నల్ల ఎలుగు మీదపడితే మాత్రం చేతికి దొరికిన దానితో ఎదురు తిరిగి కొట్టాలి. రెండింటినీ రంగును బట్టి గుర్తించలేము, నల్ల ఎలుగుల్లో గోధుమరంగువీ ఉంటాయి. భుజాల మధ్య మూపురం ఉంటే గ్రిజ్లీ. తమ్ముడు ఈ తేడాను బొమ్మల్లో చూసి బాగా గుర్తుపెట్టుకోవాలి.

నెల్లూరు, అమెరికాలో న్యాయవాది:

వీసా ప్రశ్నకు ఎవరూ సమాధానం ఇవ్వలేదు కనుక రాస్తున్నాను. ఇది మిగతా చర్చ కంటే తక్కువ ముఖ్యమైనది కాదు.

హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకి గాని, తూటాలు గాని కలిగి ఉండడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. అతిక్రమిస్తే పదిహేనేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు, ఆపైన దేశం విడిచి పోవలసి వస్తుంది. దీనికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వాటిలో మనకు సంబంధించినది, ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉండడం. కనుక మీ తమ్ముడు ముందు వేట లైసెన్సు తీసుకోవాలి, ఆ తరువాతే పిస్టల్ ఆలోచన. లైసెన్సు రాకముందు స్నేహితుడి పిస్టల్‌ను రేంజిలో సరదాకు చేతిలోకి తీసుకోవడం కూడా ప్రమాదమే. లైసెన్సు గడువు తీరిన తరువాత ఇంట్లో పిస్టల్ ఉంటే మినహాయింపు కూడా తీరిపోతుంది, ఈ సంగతి చాలామంది మరచిపోతారు. గ్రీన్‌కార్డు దరఖాస్తు నడుస్తున్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. కొనే ముందు తన కాగితాలు చూసిన న్యాయవాదిని ఒకసారి అడగడం మంచిది.

మోంటానాలో విల్లు లైసెన్సుకు, ఇదివరకు ఎక్కడా అటువంటి లైసెన్సు తీసుకోనివారు, విల్లువేట శిక్షణ పూర్తిచేసినట్టు ధ్రువపత్రం చూపాలి. స్థానికుల రుసుముతో లైసెన్సు కావాలంటే వరుసగా 180 రోజులు ఆ రాష్ట్రంలో నివాసం ఉండాలి, మీ తమ్ముడికి ఆ ఇబ్బంది లేదనుకుంటాను. విల్లు సీజనులో ఆత్మరక్షణ కోసం చేతి తుపాకి వెంట ఉంచుకోవడం అక్కడ తప్పు కాదు, అయితే బాణం తగిలి పడిపోయిన ఎల్క్‌ను కూడా దానితో కాల్చకూడదు. ఇటువంటి నిబంధనలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి కనుక పక్క రాష్ట్రానికి వెళ్తే అక్కడి పుస్తకం మళ్లీ చదవాలి. అలాస్కా మినహా మిగతా ప్రధాన భూభాగంలో గ్రిజ్లీకి 1975 నుంచి చట్టరక్షణ ఉంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్ప చంపకూడదు, చంపవలసి వస్తే జాప్యం లేకుండా అధికారులకు తెలియజేయాలి. ఎలుగు తుపాకి పేలిన చోటి నుంచి ఎంత దూరంలో పడింది, ఎటు తిరిగి ఉంది అన్నవన్నీ వాళ్లు చూస్తారు.

ఉదయగిరి అన్న:

ఇంత వివరంగా రాసినందుకు ఒక్కొక్కరికీ పేరుపేరునా నమస్కారాలు. ఈ సమాధానాలన్నీ తమ్ముడికి చదివి వినిపించాను. వీసా సంగతి అతనికి అసలు తెలియదు, పిస్టల్ కోసం వచ్చే వారమే దుకాణానికి వెళ్లాలనుకున్నాడట, ఆపేశాడు. న్యాయవాది గారికి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటాము.

ఒక్క సందేహం మిగిలింది. ఎల్క్ పడిన తరువాత దాన్ని కోసి, మోసుకు రావడానికి గంటలు పడుతుందని తమ్ముడు అంటున్నాడు. ఆ నెత్తురు వాసనకు ఎలుగు రాదా? అప్పుడు చేతిలో విల్లు కూడా ఉండదు కదా?

కందుకూరు, ప్రస్తుతం మోంటానా:

అన్నగారూ, మీరు అడిగింది అన్నింటికంటే అసలైన ప్రశ్న. వేటలో ప్రాణాంతకమైన గంటలు అవే.

బాణం తగిలిన జంతువు వెంటనే పడదు. కనీసం అరగంట ఆగి నెత్తుటి జాడ పట్టుకుని వెళ్లాలి. సాయంత్రం తగిలితే ఆ జాడ పట్టేసరికి చీకటి పడుతుంది. తలదీపం వెలుగులో, నేల వైపు చూస్తూ, వంగి నడిచే మనిషికి ఇరవై అడుగుల అవతల ఏముందో కనిపించదు. అందుకని ఇద్దరిలో ఒకరు జాడ చూడాలి, రెండోవారు స్ప్రే చేత్తో పట్టుకుని అడవిని చూడాలి. జంతువు దొరికాక కూడా అదే పద్ధతి. ఒకరు కత్తి పట్టుకుంటే ఒకరు కాపలా, మధ్యలో మార్చుకోవాలి. ఈ దశలో ఇక నిశ్శబ్దం అక్కరలేదు. మార్కాపురం పెద్దాయన చెప్పిన చెంచుల పద్ధతి ఇక్కడ అక్షరాలా పాటించవచ్చు, గట్టిగా మాట్లాడుకుంటూ, మధ్యమధ్య కేకలు వేస్తూ కోయాలి. తీసిన మాంసాన్ని సంచుల్లో కట్టి, పేగులు పడిన చోటికి కనీసం వంద గజాల దూరంలో, నలువైపులా బాగా కనిపించే బయలులో చెట్టుకు వేలాడదీయాలి. పేగుల పక్కనే వదిలిపెడితే మళ్లీ మొయ్యడానికి వచ్చినప్పుడు ఎవరు కాచుకుని ఉంటారో చెప్పలేము.

మాంసాన్ని రాత్రి అక్కడే ఉంచవలసి వస్తే, మర్నాడు గాలి తమ వెనుక నుంచి అటు వీచేటట్టు చూసుకుని, దూరం నుంచే అరుస్తూ, బైనాక్యులర్‌తో పరిశీలించి గాని దగ్గరికి పోకూడదు. ఎలుగు తన తిండి అనుకున్న దాని మీద మట్టి, ఆకులు, కొమ్మలు లాగి కప్పెడుతుంది. నిన్న వదిలిన చోట అటువంటి కుప్ప కనబడితే ఆ మాంసం ఇక మనది కాదు. ఎంత కష్టపడి కొట్టినదైనా వెనక్కి తిరిగి రావాలి. నా నాలుగో సీజనులో నేను అలా ఒక ఎల్క్ వదిలేసి వచ్చాను. కుప్పలోంచి ఒక కాలిగిట్ట మాత్రం బయటికి కనబడుతోంది, మట్టి ఇంకా తడిగా ఉంది.

ఒంగోలు సోదరుడు ఎదురుగాలి గురించి చెప్పినది న్యాయమైన మాట. నేను మొదటి సమాధానంలో దాన్ని వదిలేశాను. అటువంటి గాలిలో ఎలుగు మరింత దగ్గరికి వచ్చేదాకా ఆగి, కాస్త కిందికి, దాని ముఖం ముందు నేల వైపు కొట్టడమే మార్గం. మామూలుగా అయితే ముప్ఫై నుంచి అరవై అడుగుల మధ్య మొదలుపెట్టి, రెండేసి సెకన్లు నొక్కుతూ, ఎలుగు వచ్చి దూరేటట్టు ఎదుట మేఘం పరచాలి. డబ్బా మీద గడువు తేదీ చూసుకోమనండి, సుమారు నాలుగేళ్లకు లోపలి ఒత్తిడి నమ్మదగినదిగా ఉండదు. విమానంలో ఈ డబ్బాను చేతిసామానులోను, లోపల వేసే సామానులోను కూడా అనుమతించరు.

ఇప్పుడు ఒక పని చేయించండి. అతని చేత పూర్తి బరువుతో సంచి తగిలించి, విల్లు ఎడమ చేతికిచ్చి, రిలీజ్ కట్టించి, మీరు ఫోనులో ఉన్నట్టుండి "ఎలుగు" అనండి. గడియారం పట్టండి.

ఉదయగిరి అన్న:

నిన్న రాత్రి వీడియో కాల్‌లో మీరు చెప్పినట్టే చేశాము. అతను తన ఇంటి పెరట్లో నిలబడ్డాడు, నేను ఇక్కడ వాకిట్లో మంచం మీద కూర్చుని గడియారం పట్టాను. మొదటిసారి డబ్బా నడుము దగ్గర ఉంది, కుడిచేతికి రిలీజ్ ఉంది, విల్లు ఎక్కడ పెట్టాలో తెలియక మొదట కిందికి చూశాడు. ఐదు సెకన్లు. రెండోసారి నాలుగు. డబ్బాను ఎడమ భుజం పట్టీకి మార్చి, విల్లును చూడకుండా అక్కడే వదిలేయమన్నాను. ఖరీదైన విల్లు నేల మీద పడేయడానికి అతని చేయి రాలేదు, మూడున్నర పట్టింది. పాత దుప్పటి పరిచి దాని మీద పడేయమన్న తరువాత ఆరోసారికి రెండు సెకన్లు అయింది. అప్పుడు కూడా డబ్బా మీది భద్రత బిళ్ల లాగడం ఒకసారి మరచిపోయాడు.

సెప్టెంబరు దాకా రోజూ పడుకునే ముందు పదిసార్లు చేస్తానని మాట ఇచ్చాడు. పిస్టల్ వచ్చే ఏడాది సంగతి.